గురూజీ దగ్గరికెళ్లిన తమ్ముడు ఫోనెత్తడం లేదు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. నాన్న పోయి మూడేళ్లయింది. తమ్ముడికి 27 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కిందట ఆఫీసు స్నేహితుడు పిలిస్తే ఒక ధ్యాన శిబిరానికి వెళ్లాడు. మొదట్లో బాగానే ఉండేది. సిగరెట్లు మానేశాడు, అమ్మతో రోజూ మాట్లాడేవాడు. ఇప్పుడు హాస్టల్ ఖాళీ చేసి, వాళ్లు శివారులో తీసుకున్న ఇంట్లో ఇంకో పదిహేను మందితో ఉంటున్నాడు. జీతమంతా అక్కడే ఇచ్చేస్తున్నాడని పాత రూమ్మేట్ చెప్పాడు. రాత్రి పన్నెండు దాకా సత్సంగం, తెల్లవారుజామున మూడింటికి లేవడం. ఫోన్ చేస్తే పక్కన ఎవరో ఒకరు ఉంటారు. ఒకసారి కోపంలో "మీ గురూజీ దొంగ" అన్నాను. "నువ్వు నా ఎదుగుదలకు అడ్డు, నీ శక్తి నాకు పడదు" అని మెసేజ్ పెట్టి నా నంబర్ బ్లాక్ చేశాడు. అమ్మకు మాత్రం పది రోజులకోసారి చేస్తాడు. మొన్న చేసినప్పుడు పొలంలో తన వాటా అడిగాడు. పెద్ద మామయ్య నలుగురిని వెంటబెట్టుకెళ్లి కారులో ఎక్కించుకొచ్చేస్తానంటున్నాడు. వచ్చే నెల నాన్న తద్దినం. వాణ్ని పిలవాలా వద్దా? అసలు మేం ఏం తప్పు చేశాం?
— ఒక అక్క

జవాబు: అమ్మా, ముందు మీ పెద్ద మామయ్యను ఆపండి. తక్కిన సంగతులు తర్వాత.

ఆయన ప్రేమకొద్దీ అంటున్నారని తెలుసు. చేతుల్లో పెరిగిన మేనల్లుడు ఇలా అయిపోతే ఏ మేనమామకైనా రక్తం మరుగుతుంది. కానీ 27 ఏళ్ల మనిషిని ఇష్టం లేకుండా కారులో ఎక్కించుకొస్తే చట్టం దాన్ని అపహరణ అనే అంటుంది. మేనమామ అని మినహాయించదు. కేసు మాట అటుంచినా, "మీవాళ్లు ఏదో ఒకరోజు నిన్ను లాక్కుపోవడానికి మనుషుల్ని పంపిస్తారు, చూస్తూ ఉండు" అని ఆ ఇంట్లో మీ తమ్ముడికి ఇప్పటికే చెప్పి ఉండొచ్చు. ఇలాంటి చోట్ల కొత్తగా చేరినవాళ్లకు తరచుగా చెప్పే మాట అది. మామయ్య కారు గేటు ముందు ఆగిందంటే గురూజీ చెప్పింది అక్షరాలా జరిగినట్టే.

అమెరికాలో ఈ పని పెద్ద ఎత్తున చేసి చూశారు. 1970లలో కుర్రవాళ్లు రకరకాల కొత్త మతసంఘాల్లో చేరిపోతుంటే, తల్లిదండ్రులు డబ్బిచ్చి మనుషుల్ని పెట్టి, పిల్లల్ని ఎత్తుకెళ్లి, ఏదో గదిలో రోజుల తరబడి కూర్చోబెట్టి మనసు మార్పించే ప్రయత్నం చేయించేవారు. డీప్రోగ్రామింగ్ అనేవారు దాన్ని. కొందరు నిజంగానే బయటపడ్డారు. కొందరు సందు దొరగ్గానే మళ్లీ అక్కడికే పరుగెత్తి, మునుపటి కంటే గట్టిగా అతుక్కుపోయారు. దీనికి ఆద్యుడైన టెడ్ పాట్రిక్ జైలుకి కూడా వెళ్లాడు. చివరికి వాషింగ్టన్ రాష్ట్రంలో, తల్లి పురమాయిస్తే ఎత్తుకెళ్లబడిన ఒక యువకుడు కోర్టుకెక్కాడు. 1995లో జ్యూరీ అతనికి దాదాపు 50 లక్షల డాలర్ల పరిహారం ఇప్పించింది. ఆ తర్వాత అక్కడ ఈ పద్ధతి చాలావరకు మూలపడింది. మామయ్యకు ఇదంతా చెప్పి ఒప్పించలేకపోతే ఒక్క మాట అడగండి: తెచ్చాక ఎన్నాళ్లు తలుపుకి తాళం వేసి ఉంచుతావు మామయ్యా అని.

ఇక మీరు చేసిన తప్పు. ఒకటే కనిపిస్తోంది, అది కూడా చిన్నది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. వాడు అటు వెళ్లడానికి మాత్రం మీరు కారణం కాదు. నాన్న పోయిన ఏడాదికి శిబిరానికి వెళ్లాడని మీ ఉత్తరంలోని లెక్కే చెబుతోంది. ఇంట్లో ఒకరు పోయినప్పుడు, ఊరు మారినప్పుడు, పెళ్లి చెడినప్పుడు మనిషి ఎవరైనా పలకరిస్తే చాలన్నట్టు ఉంటాడు. హైటెక్ సిటీ హాస్టల్ గదిలో ముగ్గురు రూమ్మేట్లు మూడు షిఫ్టుల్లో ఉంటే తండ్రి పోయిన కుర్రాణ్ని "తిన్నావా" అని అడిగేవాళ్లు ఎవరుంటారు? అక్కడివాళ్లు అడిగారు. పేరు గుర్తుపెట్టుకున్నారు, సిగరెట్టు మానిపించారు, అమ్మకు రోజూ ఫోన్ చేయమన్నారు. ఆ మొదటి రోజుల మంచి అబద్ధం కాదు. వాడు ఇప్పటికీ అక్కడ ఉంటున్నది ఆ మొదటి రోజుల్ని నమ్మే.

"ఇంజనీరింగ్ చదివినవాడికి ఇంత తెలివి లేదా" అని మీ చుట్టాలు అంటూ ఉంటారు. జపాన్‌లో ఓమ్ షిన్రిక్యో అనే సంఘం ఉండేది. షోకో అసహారా 1984లో టోక్యోలో పెట్టిన యోగా తరగతిగా మొదలైంది. అందులో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివినవాళ్లు చేరారు. ఇకువో హయాషి అనే గుండె శస్త్రచికిత్స నిపుణుడు ఆసుపత్రి ఉద్యోగం వదిలి అందులో కలిసిపోయాడు. 1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్లలో సారిన్ విషవాయువు వదిలిన ఐదుగురిలో ఆ డాక్టరు ఒకడు. గొడుగు మొనతో విషం సంచిని పొడిచి దిగిపోయాడు. ప్రాణాలు కాపాడటం వృత్తిగా చేసుకున్న మనిషి. తెలివి ఉన్నవాడికి తాను చేస్తున్నదానికి కారణాలు అల్లుకోవడం ఇంకా తేలిక, అంతే తేడా. మీ తమ్ముడి గుంపు అలాంటిదని నేను అనడం లేదు. చదువుకీ దీనికీ ముడిపెట్టి వాణ్ని ఎవరూ వెక్కిరించకుండా చూడమంటున్నాను.

మనిషిని తనవాళ్ల నుంచి ఎలా విడదీస్తారో కాస్త వివరంగా చెబుతాను. అది తెలిస్తే మీరేం చేయాలో సగం అర్థమవుతుంది. దీనికి బాగా నమోదైన ఉదాహరణ పీపుల్స్ టెంపుల్. జిమ్ జోన్స్ అనే ప్రచారకుడు 1950లలో ఇండియానాపొలిస్‌లో పెట్టిన చర్చి అది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చోవడమే వింతగా ఉన్న రోజుల్లో ఆ చర్చిలో అందరూ కలిసి కూర్చునేవారు. పేదలకు ఉచిత భోజనశాల నడిపారు, వృద్ధాశ్రమాలు నడిపారు. 1965లో కాలిఫోర్నియాకు మారాక నల్లజాతి ముసలమ్మలు, కాలేజీ పిల్లలు, లాయర్లు, టీచర్లు చేరారు. ఎవరూ చావడానికి చేరలేదు. లోకాన్ని కాస్త బాగుచేద్దామని చేరారు.

తర్వాత జరిగినవన్నీ విడివిడిగా చూస్తే చిన్నవే. వారంలో ఒక్క రాత్రి ఉండే సమావేశం మూడు నాలుగు రాత్రులకు పెరిగింది. అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని, పొద్దున్నే ఉద్యోగాలకు పోవడం. నిద్ర చాలని మనిషికి ప్రశ్న పుట్టదు, పుట్టినా దాన్ని పట్టుకుని కూర్చునే ఓపిక ఉండదు. తర్వాత జీతం. ముందు ఒక వంతు ఇచ్చేవారు, కొన్నాళ్లకు కలిసి ఒకే ఇంట్లో ఉంటూ మొత్తం ఇచ్చి, చేతి ఖర్చుకు చిల్లర తీసుకునేవారు. ఇళ్లు, ముసలివాళ్ల పింఛను చెక్కులు కూడా రాసిచ్చారు. వెళ్లిపోదామంటే బస్సు టికెట్టుకి డబ్బుల్లేని స్థితి నెమ్మదిగా వచ్చింది.

ఆ తర్వాత ఒప్పుకోళ్లు. అందరి ముందు నిలబడి తన లోపాలు చెప్పుకోవాలి, పక్కవాడి లోపాలూ చెప్పాలి. చేయని తప్పులు చేశామని, కొందరైతే సొంత పిల్లల్నే పాడుచేశామని రాసిన కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. తెల్ల కాగితాల మీద కూడా. విధేయత చూపడానికి అని చెప్పి తీసుకున్న ఆ కాగితాలు, వెళ్లిపోతానన్నవాడి మీదికి తిరగడానికి పనికొచ్చాయి. భార్యాభర్తల్ని వేరు చేశారు, పిల్లల్ని వేరే ఇళ్లలో పెంచారు. జోన్స్‌ను అందరూ "డాడ్" అనేవారు. ఇంకో నాన్న, ఇంకో మొగుడు, ఇంకో స్నేహితుడు అక్కర్లేకుండా చేయడమే ఇందులోని పని.

ఒక పత్రిక వీళ్ల లోగుట్టు బయటపెట్టబోతోందని తెలిసి 1977లో వందల మందిని దక్షిణ అమెరికాలోని గయానా అడవిలోకి తరలించారు. ఆ స్థావరానికి జోన్స్‌టౌన్ అని పేరు. పాస్‌పోర్టులు తీసి దాచేశారు. ఉత్తరాలు చదివి పంపేవారు. మైకులో పొద్దస్తమానం జోన్స్ గొంతే వినిపించేది, బయటి లోకం ఎలా నాశనమవుతోందో అతనే చెప్పేవాడు, వేరే వార్త లేదు. రాత్రిపూట ఉన్నట్టుండి అందర్నీ లేపి, శత్రువులు చుట్టుముట్టారని చెప్పి, చావడానికి రిహార్సళ్లు చేయించేవారు. 1978 నవంబర్ 18న రిహార్సల్ కాదు. ఆ రోజు పోయినవాళ్లు 918 మంది. వాళ్లలో 300 మందికి పైగా పిల్లలు.

అంతకు ముందురోజు సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. బంధువుల మొర విని లియో రయన్ అనే అమెరికన్ పార్లమెంటు సభ్యుడు, కొందరు కుటుంబసభ్యులు, విలేకర్లు అక్కడికి వెళ్లారు. ఆ సాయంత్రం పాటలు, విందు. అడిగిన ప్రతివాళ్లూ హాయిగా ఉన్నామన్నారు. రయన్ కూడా వేదికెక్కి, వీళ్లలో కొందరికి జీవితంలో దక్కిన మంచి ఇదేనేమో అన్నట్టు మాట్లాడితే చప్పట్లు మోగిపోయాయి. ఆ రాత్రే ఒకతను ఒక టీవీ విలేకరి చేతిలో చిన్న చీటీ పెట్టబోయాడు. అది కింద పడింది. ఒక పిల్లవాడు చూసి, చీటీ ఇచ్చాడని అరిచాడు. ఆ చీటీలో ఉన్నది, మమ్మల్ని ఇక్కణ్నుంచి బయటపడేయండి అని. మర్నాడు ఇంకొంతమంది ధైర్యం చేసి రయన్‌తో బయల్దేరారు. పోర్ట్ కైటుమా విమానాశ్రయం దగ్గర కాల్పులు జరిపారు, రయన్ అక్కడే చనిపోయాడు. చప్పట్లు కొట్టినవాళ్లలోనే చీటీ రాసినవాడు ఉన్నాడు. మీరు ఆ శివారు ఇంటికి వెళ్తే మీ తమ్ముడు "నేను చాలా సంతోషంగా ఉన్నా" అంటాడు. ఆ మాట మీద ఏ నిర్ణయానికీ రాకండి.

ఇప్పుడు మీ ఉత్తరానికి రండి. మూడింటికి లేవడం, జీతం, ఫోన్ పక్కన మనిషి, వాటా. నాలుగూ మీరే రాశారు. ఇంకా, ఆ మెసేజ్ ఉంది. మీ ఊరి కుర్రాడికి అక్క మీద కోపమొస్తే "నీకెందుకే, నీ పని చూసుకో" అంటాడు. "నీ శక్తి నాకు పడదు" అనడు. రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1950లలో చైనా జైళ్ల నుంచి, "భావ సంస్కరణ" శిక్షణల నుంచి బయటపడినవాళ్లను హాంకాంగ్‌లో కూర్చోబెట్టి నెలల తరబడి మాట్లాడాడు. ఇలాంటి చోట్ల ప్రతి ప్రశ్ననూ మూసేయడానికి తయారుగా కొన్ని మాటలుంటాయని ఆయన గమనించాడు. అనుమానం వస్తే "అహం", అలిసిపోతే "పరీక్ష", అక్క ఏడిస్తే "బంధం". మాట పడగానే ఆలోచన ఆగిపోతుంది. మీరు ఎంత బాగా వాదించినా ఆ వాదనకు పెట్టే పేరు ముందే సిద్ధంగా ఉంది. అందుకే గురూజీ దొంగా కాదా అన్న చర్చలో మీరు గెలవలేరు. గెలిచినా ఫోన్ పెట్టేస్తాడు. ఆ రోజు కోపంలో ఆ చర్చకు దిగడమే ఇందాక చెప్పిన చిన్న తప్పు.

దేవుడి పేరు లేకపోయినా ఇదంతా జరుగుతుంది. మన ఊళ్లలో గొలుసుకట్టు వ్యాపారం మీటింగులకు వెళ్లొచ్చినవాళ్లను చూసే ఉంటారు. హోటల్ హాల్లో చప్పట్లు, సూటు వేసుకున్న "అప్‌లైన్" సారు, "మీ ఇంట్లోవాళ్లే మీ కలల్ని చంపేది, నెగెటివ్ మనుషుల్ని దూరం పెట్టండి" అనే ఉపన్యాసం. మనీ సర్క్యులేషన్ స్కీములను నిషేధిస్తూ 1978లోనే కేంద్ర చట్టం వచ్చింది. అయినా బావమరిది దగ్గర, చిన్ననాటి స్నేహితుడి దగ్గర డబ్బు కట్టించి, ఇద్దరితోనూ మాటలు పోగొట్టుకున్నవాళ్లు మన మధ్య బోలెడుమంది. అలా మాటలు పోయాక వాళ్లకు మిగిలేది మళ్లీ ఆ హాల్లోని మనుషులే.

ఒక జాగ్రత్త చెప్పాలి. మీ అమ్మగారికి వాడు ఉల్లి, వెల్లుల్లి మానేయడం, పెళ్లి వద్దనడం, గడ్డం పెంచడం పెద్ద బెంగలై ఉంటాయి. అవేవీ ప్రమాదానికి గుర్తులు కావు. ఆశ్రమంలో చేరి జీవితమంతా ప్రశాంతంగా గడిపినవాళ్లున్నారు, సన్యాసం ఈ దేశంలో కొత్తా కాదు. చూడాల్సినవి వేరే. వాడు అక్కడ చెప్పకుండా నాలుగు రోజులు ఊరొచ్చి తిరిగి వెళ్లగలడా? గురూజీ ఫలానా విషయంలో పొరపాటు పడ్డారని పదిమందిలో అనగలడా? ఇచ్చిన డబ్బుకి రసీదు ఉందా? మానేసి వెళ్లినవాళ్ల గురించి అక్కడ ఎలా మాట్లాడుకుంటారు? జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోనిస్తారా? ఈ ప్రశ్నల్లో మానేసి వెళ్లినవాళ్ల గురించిన ప్రశ్నకే నేను ఎక్కువ విలువిస్తాను. వెళ్లిపోయినవాడు పతనమైపోయాడనీ, వాడికి ప్రమాదం జరిగిందనీ, వాడి ఇంట్లో చావొచ్చిందనీ చెప్పుకునే చోట ఎవరూ స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు.

మీరు చేయగలిగింది ఏమిటంటే, ఆ ఇంటికి బయట మీ తమ్ముడికి మిగిలిన ఒక్క దారి మూసుకుపోకుండా చూడటం. ఆ దారి ప్రస్తుతం పది రోజులకోసారి అమ్మకు వచ్చే ఫోను. దాన్ని కాపాడండి. ఆ కాల్‌లో అమ్మ ఏడవకూడదు అని చెప్పడం తేలికే, ఏం మాట్లాడాలో కూడా చెబుతాను. గేదె ఈనింది. పక్కింటి పిల్లకు ఈఏపీసెట్‌లో ర్యాంకొచ్చింది. మీ స్కూలు డ్రిల్లు మాస్టారు రిటైరయ్యారు, నిన్నడిగారు. ఇవి పనికిమాలిన కబుర్లలా ఉంటాయి. కానీ మైకులో ఒకే గొంతు వినే మనిషికి వేరే లోకం నుంచి వచ్చే వార్తలివే. వాడు చిన్నప్పుడు ఏం చేసేవాడో గుర్తుచేయండి. "ఎప్పుడొస్తావు", "నాన్న ఉంటే ఇలా చేసేవాడివా" అన్న రెండు మాటలూ మాత్రం వద్దు. పక్కన ఎవరో వింటున్నారని అనుకునే మాట్లాడండి, వాళ్లను పొడిచే మాట ఒక్కటీ రాకుండా.

మీ తరఫున అమ్మ చేత ఒక కబురు చెప్పించండి: "అక్క ఆ రోజు అన్నందుకు బాధపడుతోంది. మీ గురూజీ గురించి ఇంకెప్పుడూ ఏం అనదట. నువ్వు బాగున్నావో లేదో తెలిస్తే చాలంది." ఇందులో గురూజీని ఒప్పుకున్నదేమీ లేదు. ఆ తర్వాత నెల రోజులు వాడు మిమ్మల్ని అన్‌బ్లాక్ చేయకపోయినా ఇంకో కబురు పంపకండి.

తద్దినానికి పిలవండి. ఒక్కసారే పిలవండి. తేదీ, టైము, "వస్తే భోంచేసి ఆ సాయంత్రమే వెళ్లిపోవచ్చు" అన్న భరోసా. అంతే. వాడు వచ్చిన రోజున మామయ్య, బాబాయిలు చుట్టూ కూర్చుని బుద్ధిచెప్పే కార్యక్రమం పెట్టకూడదు. ఇది వాళ్లకు ముందురోజే గట్టిగా చెప్పండి. వాడితో పాటు ఆ గుంపు మనిషి ఎవరైనా వస్తే ఆ మనిషికి కూడా విస్తరి వేయండి. రాకపోతే పురోహితుణ్ని అడిగి జ్ఞాతుల్లో ఒకరి చేత జరిపించండి. "నీవల్ల నాన్నకు పిండం లేకుండా పోయింది" అని మాత్రం ఎవరూ వాడికి ఫోన్ చేయకూడదు. తప్పు చేశానన్న బరువుతో ఉన్న మనిషి ఆ బరువు దింపేస్తామన్నవాళ్ల దగ్గరికే పోతాడు.

ఈలోగా ఆ పాత రూమ్మేట్‌ను వదులుకోకండి. ఇప్పుడు మీ ఇంట్లోవాళ్లందరికన్నా ఆ అబ్బాయే ముఖ్యుడు. ఆ అబ్బాయి చేత "సినిమాకి పోదాం రారా" అని నెలకోసారి మెసేజ్ పెట్టించండి, అక్క చెప్పిందని చెప్పకుండా. ఆఫీసు ఉద్యోగం ఉన్నంతకాలం పగలు ఎనిమిది గంటలు మీ తమ్ముడు వేరే మనుషుల మధ్య ఉంటాడు. అది మంచిదే. ఉద్యోగం మానేస్తున్నానని గానీ, ఇంకో రాష్ట్రంలోని కేంద్రానికి వెళ్తున్నానని గానీ అంటే, అప్పుడు నాకు వెంటనే రాయండి.

జోన్స్‌టౌన్ నుంచి బయటపడినవాళ్లలో డెబొరా లేటన్ అనే యువతి ఉంది. గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో పనిమీద ఉంచినప్పుడు, 1978 మేలో అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి సాయం అడిగి ఇల్లు చేరింది. జూన్‌లో ప్రమాణపత్రం రాసి, అక్కడ చావు రిహార్సళ్లు జరుగుతున్నాయని ప్రభుత్వానికి చెప్పింది. ఆమె అన్న లారీ మాత్రం ఆ గుంపులోనే ఉండిపోయాడు. నవంబర్ 18న విమానాశ్రయం దగ్గర, వెళ్లిపోయేవాళ్లలో ఒకడిగా నటిస్తూ విమానమెక్కి కాల్పులు జరిపింది అతనే. ఒకే ఇంటి పిల్లలు. ఆమెకు ఎక్కువ తెలివి ఉండి, అతనికి లేక కాదు. ఆమె రాజధానిలో ఉంది, వెళ్లి తలుపు తట్టడానికి ఒక ఆఫీసు ఉంది, ఆ తలుపు తీసినవాళ్లున్నారు. మీ తమ్ముడు ఏ అర్ధరాత్రో ఆ ఇంటి నుంచి బయటికొస్తే చేతిలో డబ్బుండదు, గది ఉండదు, మొహం చెల్లదు. అందుకని రూమ్మేట్ దగ్గర ఒక మంచం, బస్సు ఛార్జీకి డబ్బు ముందే మాట్లాడి పెట్టండి. వాడి చేతికి నగదు మాత్రం ఇప్పుడు పంపకండి, అది ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. పళ్ల నొప్పి అంటే డాక్టరు ఫీజు నేరుగా కట్టండి, చెప్పులు కావాలంటే చెప్పులు పంపండి.

వచ్చిన మొదటి వారం ఏమీ అడగొద్దు. నిద్రపోనివ్వండి. చాలామంది తిరిగొచ్చాక కూడా గురూజీ మంచివాడేనంటారు, మళ్లీ వెళ్తానంటారు, రాత్రిళ్లు లేచి కూర్చుంటారు. నిద్ర, ఆకలి కుదుటపడకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మీ అమ్మగారికి ఇప్పుడే అవసరం కావచ్చు.

పోలీసులు, కోర్టు సంగతి క్లుప్తంగా. వాణ్ని గదిలో బంధించారని, కొడుతున్నారని, వైద్యం అందనివ్వడం లేదని వాడే చెప్పినా, మీకు గట్టి ఆధారం దొరికినా 112కు చేయండి, ఆలోచించొద్దు. అలాంటిది లేకుండా హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) వేస్తే జడ్జిగారు వాణ్నే పిలిచి అడుగుతారు. "నా ఇష్టంతోనే ఉన్నాను" అంటే అక్కడితో అయిపోతుంది. తమిళనాడులోని ఒక ఆశ్రమంలో ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్ల కోసం తండ్రి వేసిన పిటిషన్‌ను 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముగించింది ఇందుకే: ఇద్దరూ మేజర్లు, ఇష్టపూర్వకంగానే ఉన్నామన్నారు. అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు, మేజరైన మనిషి మాటకు విలువ ఉండాల్సిందే. పైగా ఓడిపోయిన కేసు మీ ఇద్దరి మధ్య ఇంకో గోడ అవుతుంది.

మిగిలింది పొలం. "ఇవ్వం" అనకండి, అది వాడి హక్కు. నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే, నానమ్మ లేకపోతే, అమ్మకూ మీకూ వాడికీ సమాన వాటాలు. తాతల నాటిదైతే లెక్క వేరు, వాటాలు తేలని ఉమ్మడి ఆస్తిలో తన వంతును మిగిలినవాళ్లు ఒప్పుకోకుండా దానంగా రాసివ్వడానికి హిందూ చట్టం ఒప్పుకోదు. ఏదన్నది కాగితాలు చూసి లాయరే చెప్పాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100కు చేస్తే వివరాలు చెబుతారు. వాడితో మాత్రం ఇలా అనండి: "నీది నీకే ఉంటుందిరా. పంపకాలు చేసుకుందాం, లాయరు దగ్గరికి నువ్వే రా, ముగ్గురం కూర్చుని రాయించుకుందాం." దానికి వాడు ఆ ఇల్లు దాటి రావాలి, మీ పక్కన కూర్చోవాలి. ఆ పని ఎన్నిసార్లు వాయిదా పడితే అంత మంచిది. ఒకవేళ ఇప్పటికే ఏదైనా రాసిచ్చేసి ఉంటే కంగారు పడకండి. శిష్యుడి దగ్గర గురువు పొందిన ఆస్తి విషయంలో, తన పలుకుబడిని వాడుకోలేదని గురువే రుజువు చేసుకోవాలనే వైఖరి మన కోర్టులకు పాతదే. పరలోకంలో పుణ్యం కోసం ఒక ముసలాయన తన గురువుకి యావదాస్తీ రాసిస్తే 1890లో అలహాబాద్ హైకోర్టు ఆ దానపత్రాన్ని నిలవనివ్వలేదు. కాంట్రాక్టు చట్టంలో 16వ సెక్షన్ కూడా ఇలాంటిదే చెబుతుంది. కానీ ఇలాంటి కేసు వేయడానికి గడువు మూడేళ్లే, అదీ రాసినవాడు తానే వచ్చి అడిగితే పని తేలిక.

ఈ వారంలోనే మీసేవలో ఈసీ (పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. అడంగల్, 1బీ అనే రెవెన్యూ రికార్డుల్లో పొలం ఎవరి పేరు మీద ఉందో చూడండి, నాన్నగారి పేరు మీదే ఉండిపోతే మ్యుటేషన్‌కు, అంటే పేరు మార్పుకు, దరఖాస్తు పెట్టండి. పాసుపుస్తకం, దస్తావేజులు ఇంట్లో కాకుండా మీ పేరున బ్యాంకు లాకర్లో ఉంచండి. అమ్మగారికి ఒకటికి రెండుసార్లు చెప్పండి: కొడుకు ఫోన్లో ఎంత బతిమాలినా ఓటీపీ చెప్పకూడదు, "ఊరికే ఒక సంతకం అమ్మా" అని ఎవరైనా కాగితం పట్టుకుని ఇంటికొస్తే, మీరు పక్కన లేకుండా పెట్టకూడదు.